యూరప్ మేడం గది తలుపు

మీరు నవ్వారు. కాదనకండి. "దివిసీమ కాలవలకి దిక్కు లేదు గానీ, యూరప్ ఏకీకరణకి ప్రొఫెసరంటండీ!" అని బస్టాండులో, టీ కొట్టు దగ్గర నవ్వారు. ఆ మేడం గారు పోయిన మంగళవారం గుడివాడలో, తన ఇంట్లో కన్నుమూశారు. ఇప్పుడు నవ్వండి.

నేనూ నవ్వాను. నవ్వి ఊరుకోక పత్రికకెక్కించాను. ఫ్రాన్సూ జర్మనీ ఎలా కలిశాయో చెప్పడానికి మన పిల్లలకి ఒక ఆచార్య పీఠమా, హాస్టల్లో నీళ్ల పప్పు తినేవాళ్లకి ఈ ముచ్చట్లెందుకని ఎద్దేవా చేశాను. వారం తిరక్కుండా ఆవిడే ఫోన్ చేశారు. తిడతారనుకున్నాను.

"బాగా రాశావు తమ్ముడూ. శనివారం చల్లపల్లి వైపు రా, మా పిల్లల్ని తీసుకొస్తున్నాను."

తీసుకొచ్చింది కాలవ లాకుల దగ్గరికి. నాది శివారు ఊరు. పై ఊళ్లు తడుపుకోగా మిగిలితేనే మాకు నీళ్లు. నారుమళ్లు ఎండిన ఏడు మా వాళ్లు గునపాలతో, నీళ్లు ఆపే ఆ లాకుల షట్టర్ల మీదికే వెళ్లారు.

"ఇక్కడ యూరప్ ఎక్కడుందండీ?" అన్నాడొక విద్యార్థి.

"ఫ్రాన్సూ జర్మనీ తరతరాలు కొట్టుకున్నాయి. చివరికి బొగ్గునీ ఉక్కునీ ఉమ్మడి పెత్తనం కింద పెట్టుకున్నాయి. ఆయుధాలు చేసేది వాటితోనే గనక. మరి ఈ ఊళ్లు కొట్టుకునేది దేనికి?"

"నీళ్లకండీ."

"అయితే షట్టర్ తాళం ఎవరి దగ్గరుండాలి?"

గట్టు మీద కూర్చున్న మా ఊరి ముసలి రైతు అందుకున్నాడు. "పై ఊరిదొకటి, మాదొకటి, రెండు తాళాలేయించండి మేడం గారూ. ఎవడూ తెరవలేడు, గొడవే ఉండదు!"

అందరికంటే గట్టిగా ఆవిడే నవ్వారు. "యూరప్‌కీ అదే రోగం బాబాయ్! ఒక్కళ్లు కాదంటే పని ఆగిపోద్ది. అయినా గునపాలు పట్టుకోవడం కంటే, ఒకళ్ల ప్రాణం ఒకళ్లు తోడేసుకుంటూ బల్ల దగ్గర కూర్చోవడం నయం కాదూ?"

ఆ ఏడే మా ఊళ్లు కలిసి కూర్చున్నాయని రాయాలని ఉంది. కూర్చోలేదు. ఆవిడ మాత్రం ఏటా వచ్చారు, కొత్త పిల్లలతో, అదే ప్రశ్నతో. తప్పు రాశానని రాయాలని నేనూ ఏటా అనుకున్నాను. రాయలేదు.

సమాధి కార్యక్రమం అయ్యాక విశ్వవిద్యాలయానికి వెళ్లాను. ఆవిడ పోస్టు ఎత్తేస్తారట. పుస్తకాలు అప్పుడే గోతాల్లోకెక్కాయి. గది తలుపుకి లోపలి వైపు నా వ్యాసం అంటించి ఉంది, పసుపుపచ్చగా మారి. "ఏటా మా మొదటి అసైన్‌మెంటు ఇదేనండీ. దీనికి జవాబు రాయమనేవారు," అంది ఆవిడ పాత విద్యార్థిని. కింద ఎర్ర సిరాతో మేడం గారి అక్షరాలు: "కోపం సరైనదే. గురి తప్పింది."



నవ్విన మనమే ఇప్పుడు అడగాలి. అడుగుతున్నాను:

ఆ పోస్టు ఎత్తేయకండి. చదువు చెప్పగలిగిన మనిషితో నింపండి.

పుస్తకాలు గోతాల్లోంచి తీసి లైబ్రరీలో పెట్టండి.

ఏటా ఒక శనివారం క్లాసు లాకుల దగ్గరే జరగాలి. ఆ ముసలి రైతుకి కుర్చీ వేయండి.

తలుపు మీది కాగితం ముట్టుకోకండి. ఈ ఏడు దానికి మొదటి జవాబు నాది.