సోన్‌గఢ్ కోట చుట్టూ అత్తమ్మతో

సూరత్ నుంచి మా ఊరికి వెళ్లే రైలు ఉధ్నా స్టేషన్ దాటిన రెండు గంటలకు సోన్‌గఢ్ దగ్గర ఒక గుట్టను దాటుతుంది. గుట్ట మీద పాత కోట గోడ కాసేపు కనబడి మాయమవుతుంది. మా అత్తమ్మ ముప్పై ఏళ్లుగా ఆ గోడను కిటికీలోంచి చూస్తూనే ఉంది కానీ ఎన్నడూ అక్కడ దిగలేదు. దిగాలన్న కోరిక కరోనా తర్వాత పుట్టింది.

సెకండ్ వేవ్‌లో ఆమె పదకొండు రోజులు ఆక్సిజన్ మీద ఉంది. ఇంటికి తీసుకొచ్చిన రోజు సూరత్ గోడాదరాలోని మా మూడో అంతస్తు ఎక్కడానికి నాలుగుచోట్ల కూర్చుంది. రోజూ నడవాలని, ఊపిరితిత్తులకు అదే మందని డాక్టరమ్మ చెప్పింది. దాంతో అత్తమ్మ డాబా మీద, ఆరేసిన బట్టల మధ్య నడక మొదలుపెట్టింది. నేను చీరలకు రాళ్లు అతికించే పని ముందేసుకుని ఓ కన్ను ఆమె మీదే ఉంచేదాన్ని. అలా ఆరు నెలలు గడిచాక, డిసెంబర్‌లో ఒక సాయంత్రం నా పక్కన కూలబడి అంది:

"ఈడ తిరిగి తిరిగి గానుగెద్దు లెక్క అయిన. ఆ గుట్ట ఎక్కుదాం పా."

"ఏ గుట్ట అత్తమ్మా?"

"రైల్లకెళ్లి కనబడ్తది సూడు, కోట. గదే."

మా ఆయన ససేమిరా అన్నాడు. "నడుమ దమ్మొస్తే నిన్నెవలు మోస్తరమ్మా?"

"నువ్వేం మొయ్యకు. మీ నాయిన గూడ నన్నెన్నడు మోసింది లేదు."

ఆయన ఒప్పుకోక తప్పలేదు. ఆదివారం పొద్దున్నే అత్తమ్మా నేనూ ఉధ్నాలో రైలెక్కాం. నా సంచిలో రొట్టెలు, నీళ్లు, వేలికి పెట్టే ఆక్సిజన్ మీటరు.

గుట్ట మరీ ఎత్తైనదేమీ కాదు. కింద టేకు చెట్లు, పైకి వెళ్లేకొద్దీ మోకాలెత్తు ఎండు గడ్డి. ప్రతి మలుపులో ఆమె వేలు పట్టుకుని మీటరు పెట్టాను. తొంభై అయిదు, తొంభై మూడు, మళ్లీ తొంభై అయిదు. చివరికి విసుక్కుంది.

"జర ఆ డబ్బీ లోపల పెట్టు పిల్లా. నేన్ గుట్ట సూడాల్నా, దాన్ని సూడాల్నా?"

పైకి చేరగానే గాలి మాస్కులను లాగేసినంత పని చేసింది. ఒకవైపు పట్టణం, రైలు పట్టాలు. ఇంకోవైపు ఉకాయి జలాశయం, దాని నడుమ చిన్నచిన్న దిబ్బలు. అత్తమ్మ గోడ మీద చేయి వేసి కింది రైలు పట్టాలను చూసింది. ఇక దిగుదామంటే వినలేదు.

"వచ్చిన తొవ్వనే పోతమా? గోడెంబడి సుట్టు తిరిగి పోదాం."

సగం చుట్టు బాగానే సాగింది. ఒక కూలిన బురుజు దగ్గర మాత్రం ముళ్లపొదల్లో దారి పోయింది. అప్పుడే అటునుంచి గడ్డిమోపుతో ఒకామె వచ్చింది. అత్తమ్మ వయసుదే. మమ్మల్ని చూసి నవ్వి, మోపు దించి, కొడవలితో ముళ్లు పక్కకు తోసి దారి చూపింది. ముగ్గురం రాళ్ల మీద కూర్చున్నాం.

ఆమెది గుజరాతీ, అత్తమ్మది హిందీ కలిపిన తెలుగు. అయినా ఒకరి మాట ఒకరికి బాగానే అందింది. ఈ కోట మరాఠా సర్దార్లదని, వాళ్లకు ముందు ఈ కొండలు తమ భిల్లుల చేతుల్లో ఉండేవని ఆమె చెప్పింది. తర్వాత నీళ్లవైపు కొడవలి చాపింది. డ్యామ్ కట్టకముందు తమ ఊరు అక్కడే ఉండేదట. తనకు పదేళ్లప్పుడు, కోళ్లగంప నెత్తిన పెట్టుకుని వాళ్లమ్మ వెనకాల ఇటు నడిచి వచ్చిందట.

"ఏడ? ఆ దిబ్బ పక్కకా?" అత్తమ్మ లేచి నిలబడింది.

"ఇంకా ఇటు," అంటూ ఆమె అత్తమ్మ గడ్డం పట్టుకుని ముఖం తిప్పింది. నీళ్లు తగ్గిన ఏడాది వెళ్లి తమ పొయ్యిరాళ్లు వెతుకుతానని, ప్రతిసారీ పక్కింటివాళ్లవే దొరుకుతాయని చెప్పి పకపకా నవ్వింది. అత్తమ్మ కూడా నవ్వింది. అంత నవ్వినా దగ్గు రాలేదు. అది గమనించింది నేనొక్కదాన్నే.

మా రొట్టెలు ఆమెకిచ్చాం. ఆమె రాగిరొట్టె, పచ్చిమిరప నూరుడు మాకిచ్చింది. అత్తమ్మ నా సంచిలోంచి మీటరు తీసి ఆమె వేలికి పెట్టింది. తొంభై తొమ్మిది.

"ఓయమ్మో! ఏం తింటవే నువ్వు?"

ఆమె రాగిరొట్టె చూపించింది. అత్తమ్మ ఇంకో ముక్క అడిగి తీసుకుంది.

ఆమె మోపెత్తుకుని ముందు నడిచింది, మేం వెనక. చుట్టు పూర్తిచేసి కిందికి దిగేసరికి మా రైలు వెళ్లిపోయింది. బస్సెక్కాం. కూర్చోగానే అత్తమ్మ నా భుజం మీద తల వాల్చి నిద్రపోయింది. ఊపిరి నెమ్మదిగా, సాఫీగా ఆడుతోంది. ఆమె కొంగుకు పట్టిన గడ్డిగింజలను దారిలో బార్డోలీ వచ్చేదాకా ఒక్కొక్కటే ఏరుతూ కూర్చున్నాను.