మిరప చేలో పది గంటల క్లాసు

క్లాసులో వెనక బెంచీ కుర్రాడు ఆవలిస్తే సుద్దముక్క విసిరే రకాన్ని నేను. నరసరావుపేటలో మా డిగ్రీ కాలేజీలో నా నోటికి జడవనివాళ్లు లేరు. అలాంటి నాకు ఎకనామిక్స్ ఆన్‌లైన్ సెక్షన్ అప్పగించారు. తెర మీద ఎనిమిది నల్లటి గడులు, గడికో పేరు. సుద్దముక్క ఎవరి మీదని విసరను?

ఆ ఎనిమిదిమందీ క్రోసూరు అవతల ఒకే ఊరి ఆడవాళ్లు. పెళ్లిళ్లై, పిల్లలు పుట్టి, చదువు మధ్యలో వదిలేసినవాళ్లు. వాళ్లలో ఒకామె భర్తకు బైకుల మెకానిక్ షెడ్డు ఉంది. ముందు తను చేరి, ఆ తర్వాత ఇంటింటికీ తిరిగి మిగతా ఏడుగురినీ చేర్పించింది ఆవిడేనట. క్లాసు పదింటికి. నేను తెరిచేసరికే అందరూ వచ్చి కాచుకుని ఉండేవాళ్లు. వస్తే ఏం లాభం? కెమెరా పెట్టరు, మైకు తెరవరు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు గంటసేపు నాలో నేనే మాట్లాడుకోవడం.

ఇలాంటి క్లాసులు ఎలా చెప్పాలో నేర్పడానికి హైదరాబాదు నుంచి ఒకాయన వచ్చాడు. టీచరు ప్రెజెన్స్ కనపడాలి, పిల్లల మధ్య కమ్యూనిటీ కట్టాలి అని సాయంత్రం దాకా చెప్పాడు. నా ప్రెజెన్స్ సంగతి సరే నాయనా, వాళ్లది ఎక్కడుంది అని అడగబోయి ఊరుకున్నాను. ముందుగా చిన్న చిన్న ప్రశ్నలు వేసి చనువు పెంచుకోమన్నాడు. మర్నాడు సిగ్గు విడిచి, మీకు ఏ రంగంటే ఇష్టం అని అడిగాను. ఎవరూ పలకలేదు. నేను పాఠంలో పడ్డాక ఎప్పటికో ఒక జవాబు తెర మీదికి వచ్చింది: "ఎరుపు తప్ప ఏదైనా మేడమ్." ఎరుపు వీళ్లనేం చేసిందో నాకు అర్థం కాలేదు.

అసలు వాళ్ల జవాబులకు తలా తోకా ఉండేది కాదు. ధర పెరిగితే గిరాకీ ఏమవుతుంది అని అడిగితే ఉలుకూ పలుకూ లేదు. చూసి చూసి తర్వాతి పాఠంలోకి వెళ్లి, సరుకు అమ్మేవాడు ఊళ్లో ఒక్కడే ఉంటే ఏం చేస్తాడు అని అడిగాను. అప్పుడు బిలబిలమని జవాబులు: "తగ్గుద్ది మేడమ్", "తగ్గుద్ది", "తగ్గుద్దండి". ఏం తగ్గుతుంది? ఎందుకు తగ్గుతుంది? వీళ్లకి మతి పోయిందా, నాకు పోయిందా?

ఈలోగా ప్రిన్సిపాల్ గారు పిలిచారు. "నోరు విప్పేవాళ్లే లేనప్పుడు లైవ్ క్లాసు ఎందుకు మేడమ్? మీ పాఠాలు రికార్డు చేసి లింకు పంపితే పోద్ది గదా. గురువారం నేనే కూర్చుని చూస్తా. అప్పుడూ ఇంతే అయితే వీడియోలకి మార్చేద్దాం."

నాకు మండింది. వీడియోని ఆపి అడగడానికి లేదు, అది వాళ్లని కసరడానికీ లేదు. చదువు ఒకసారి మానేసినవాళ్లకి రెండోసారి మానెయ్యడం మహా తేలిక. ఆ కోపమంతా మర్నాడు నల్లటి గడుల మీద కుమ్మరించాను. "మీరు మనుషులా, గోడలా? గురువారం కూడా ఇలాగే మూగనోము పట్టారంటే మన క్లాసు ఎత్తేస్తారు!"

మధ్యాహ్నం మెకానిక్ భార్య ఫోన్ చేసింది.

"మేడమ్, మీరు తిట్టింది అందరం విన్నాం. మేం కాయ కోతల్లో ఉంటన్నాం. చేలో దిగకముందే లింకు నొక్కి, ఫోన్ నడుముకున్న సంచిలో వేసుకుని చెవిలో వైరు పెట్టుకుంటాం. చేతులు నిండా కారం మేడమ్. ఫోన్ ముట్టుకుని చెంపకి ఆనిస్తే రాత్రి దాకా మంటే. టీ వచ్చినప్పుడు చేతులు కడుక్కుని అప్పటిదాకా మీరు అడిగినయ్యన్నీ ఒకేసారి కొడతన్నాం."

ఇన్నాళ్లూ నా గొంతు మిరప సాళ్ల మధ్య తిరుగుతోందా! క్లాసు వేళ మార్చమని ప్రిన్సిపాల్ గారిని అడిగాను. టైమ్ టేబుల్ కంప్యూటర్లోకి ఎక్కిపోయింది, కుదరదన్నారు. ఆ మాటే ఆమెకు చెప్పాను. "మీరేం దిగులు పడమాకండి మేడమ్, మేం చూసుకుంటాం గదా" అంది.

గురువారం ప్రిన్సిపాల్ గారు నా పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నారు. తెర మీద ఒక్కటే గడి, మెకానిక్ భార్యది. మిగతావాళ్లేరి? తడబడుతూనే మార్కెట్ ధరల గురించి అడిగాను.

"మేడమ్, ధర పెరిగితే రైతు బాగుపడతాడన్నారు గదా. మరి మా కూలి పెరగదేంది?" అని ఒక గొంతు.

"ఎట్టా పెరుగుద్ది? మనం కాకపోతే మాచవరం ముఠా వస్తది గదా కోతకి" అని ఇంకో గొంతు.

"ఆళ్లూ మనమూ ఒక్క మాట మీద ఉంటే?"

"ఏమే, మేడమ్‌ని చెప్పనీయవే ముందు!"

ఇక ఆగలేదు. ఒకే గడిలోంచి ఎనిమిది గొంతులు. ఒకామె కష్టపడి పుస్తకంలో మాట వాడితే మిగతావాళ్లు ఆటపట్టించారు. ప్రిన్సిపాల్ గారు పొట్ట పట్టుకుని నవ్వారు. నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది.

క్లాసు అయ్యాక ఆయన రిపోర్టు తెరిచారు. ముఖంలో నవ్వు పోయింది. "హాజరు ఒకటి అని చూపిస్తోంది మేడమ్."

"ఎనిమిది గొంతులూ మీరు విన్నారు గదా సార్!"

"విన్నానమ్మా. యాజమాన్యం ఇవాళ్టి ఈ రిపోర్టు చూసే తేలుస్తుంది. నా చెవులు కోసి పంపలేను గదా. రేపట్నుంచి వీడియోల లింకులే పంపండి."

మొన్నటిదాకా ఎనిమిది పేర్లుండి ఒక్క గొంతూ లేదు, అయినా క్లాసు నడిచింది. ఇవాళ అందరూ వచ్చారు, క్లాసు లేదు. ఏడవాలో నవ్వాలో తెలియక స్టాఫ్ రూములో కూర్చున్నాను. క్యారేజీలు విప్పే వేళకు మళ్లీ ఫోన్ మోగింది.

"ఎట్టుంది మేడమ్? సార్ నవ్వటం వినపడింది!" వెనక అందరూ ఒకేసారి మాట్లాడుతున్నారు. "ఇయ్యాల నేను కాయ కొయ్యకుండా చేతులు కారం తగలకుండా పెట్టుకున్నా. ఫోన్ పట్టుకుని సాలు సాలుకీ తిరిగా. నా సాలు ఈళ్లే కోశారు. ఒక్క ఫోన్ చాలుగదా, డేటా దండగెందుకని మిగతాయి కట్టేశాం. పరీక్షల దాకా వంతులేసుకున్నాం మేడమ్. రేపు మా పక్కింటి పిన్ని వంతు. చానా సంబరంగా ఉంది ఆమెకి."

ఏమని చెప్పను? మీ పొదుపే మన కొంప ముంచిందని చెప్పనా? రేపు ఏ లింకు మీద చెప్పాలో, కాలేజీలో కూర్చుని చెప్పాలో, ఇంట్లోంచి నా ఫోన్లో చెప్పాలో నాకే తెలియదు.

"మేడమ్, ఉండారా? రేపు కూడా పదింటికే గదా?"

"పదింటికే" అన్నాను.