ఓరిన్ ఖాళీ ఒర

ఓరిన్ రాగి గనిలో ముప్పై ఏళ్ళు యంత్రాలు బాగుచేశాడు. తక్కువ మాటల మనిషి. మా అరిజోనాలో నడుముకు తుపాకీ పెట్టుకుని తిరగడం టోపీ పెట్టుకున్నట్టే, ఎవరూ తల తిప్పి చూడరు. చర్చికీ, చేపలు పట్టడానికీ దానితోనే వెళ్ళేవాడు. చివరికి భార్య నదీన్‌ని సమాధి చేసిన రోజున కూడా ఓరిన్ నడుముకు అది ఉంది. పొద్దున్నే నా హోటల్లో కూర్చునేటప్పుడు కుర్చీకి తగిలి టక్కుమనేది.

నదీన్ పోయిన రెండో నెలలో, ఒక సోమవారం, హోటల్ తెరవకముందే తలుపు కొట్టాడు. గడ్డం మాసిపోయి ఉంది. తుపాకీలోంచి తూటాలు తీసేసి రెండూ నా బల్ల మీద పెట్టాడు.

"ఎల్డా, ఇది దాచు. నేనడిగినా ఇవ్వకు."

అర్థం కాకపోవడానికి నేనేమన్నా చిన్నపిల్లనా?

"పద, ఇప్పుడే డాక్టరు దగ్గరికి పోదాం."

"శుక్రవారం రమ్మన్నారు. అందాకా దాచు చాలు. ఎవరికీ చెప్పనని మాటివ్వు."

ఇచ్చాను. బుద్ధి గడ్డి తిని ఇచ్చాను.

మర్నాడు ఖాళీ ఒరతో వచ్చాడు. ఒర తీసేస్తే నడుము తన నడుములా లేదట. నలభై ఏళ్ళ స్నేహితుడు క్లీట్ ఊరుకుంటాడా?

"ఏరా, లాగు మర్చిపోయి వచ్చావా?"

"పాస్టరు అయిపోయాడేమో!" అన్నారెవరో.

"పాస్టరుకి రెండున్నాయి కదరా!"

హోటలంతా ఒకటే నవ్వు. ఓరిన్ తల వంచుకుని ప్లేట్లో గుడ్లు కెలుకుతూ కూర్చున్నాడు.

బుధవారం క్లీట్‌కి జాలేసింది. తుపాకీ పాడైతే చెప్పుకోలేక సిగ్గుపడుతున్నాడనుకున్నాడు పిచ్చి మహానుభావుడు. తన బండిలోంచి ఇంకోటి తెచ్చి ఓరిన్ ఒరలో దోపాడు.

"ఉంచుకోరా. నిన్నిలా చూడలేకపోతున్నా."

అందరూ చప్పట్లు కొట్టారు. ఓరిన్ నావైపు చూశాడు. మాటిచ్చానని నేను నోరు మూసుకుని నిలబడ్డాను! అతను తినకుండానే లేచి వెళ్ళిపోయాడు.

చేతిలో కాఫీ కూజా ఎక్కడ పెట్టానో తెలీదు, వెనకే పరుగెత్తాను. ఓరిన్ తన బండిలో కూర్చుని ఉన్నాడు. రెండు చేతులూ స్టీరింగ్ మీద బిగించి ఉన్నాయి.

"చేతులు తియ్యను, ఎల్డా. తీస్తే ఏం చేస్తానో నాకే తెలీదు. నువ్వే తీసుకో. తొందరగా."

కిటికీలోంచి వంగి ఒరలోది లాక్కున్నాను. నాకు ఏడుపు ఆగలేదు.

"రేపు ఇంకొకడిస్తాడు," అన్నాడు. "అందరూ మంచోళ్ళే."

"ఇక నా వల్ల కాదు. చెప్పేస్తున్నా వాళ్ళకి."

వద్దనలేదు.

లోపలికెళ్ళేసరికి క్లీట్ ఇంకా నవ్వుతున్నాడు. "ఏంటి, నాది నచ్చలేదటా?"

అందరిముందూ చెప్పేశాను. నడుముకు తుపాకీ ఉన్న ఒక్కడూ నా కళ్ళలోకి చూడలేదు. క్లీట్ లేవబోయి మళ్ళీ కూలబడ్డాడు.

"నేనే పెట్టాను," అన్నాడు. "నా చేత్తో నేనే పెట్టాను."

తన నడుముకున్న తుపాకీ తీసి నా చేతికిచ్చి బయటికి నడిచాడు. బండిలో ఓరిన్ పక్కన ఎక్కి కూర్చున్నాడు.

"పదరా, ఇప్పుడే పోదాం ఆస్పత్రికి. శుక్రవారం దాకా ఎందుకు?"

ఓరిన్ చేతులు స్టీరింగ్ మీద నుంచి రాలేదు. క్లీటే ఒక్కొక్క వేలూ విప్పాడు.