నేను భయానకంలో వేసిన ఆట

మా ఇళ్లలో తెలుగు నోటికే గాని కంటికి లేదు. ఎన్నో తరాలుగా కోయంబత్తూరు చుట్టుపక్కలే ఉన్నాం. బడిలో తమిళం చదువుకున్నాం, ఇంటికొచ్చి తెలుగులో పోట్లాడుకున్నాం. ఇప్పుడు రాస్తున్న ఈ అక్షరాలు కూడా చాలా ఆలస్యంగా దిద్దుకున్నవే. ఉద్యోగానికి వెళ్లినప్పుడు నాకు ఒక్కటీ రాదు. అయినా ఇంటర్వ్యూలో "తెలుగు చదవగలరా?" అని అడిగితే "ఓ, బాగా" అని టక్కున అనేశాను.

ఆఫీసు సింగానల్లూరులో మా ఇంటికి రెండు వీధుల అవతల. ఒక ఆన్‌లైన్ స్టోరుకు వచ్చే వీడియో గేములను ఆడి చూసి, ఏది పజిల్, ఏది రేసింగ్, ఏది భయానకం అని విభాగం వేయడం మా పని. ఏ విభాగంలో వేస్తే ఆ రకం ఆటలు వెతికేవాళ్లకే అది కనిపిస్తుంది. తప్పు చోట పడితే ఇక దాని బతుకు అంతే. అందుకే ప్రతి ఆటనూ చివరిదాకా ఆడాలని నియమం. తెలుగు ఆటలన్నీ నా వాటాకే వచ్చేవి. నేను బొమ్మలు చూసి వేసేదాన్ని. కారుంటే రేసింగ్, కత్తి ఉంటే యాక్షన్. ఏడాది పాటు ఎవరూ పట్టుకోకపోయేసరికి నాకు కాస్త పొగరు కూడా ఎక్కింది.

అలా ఒక రోజు ఒక ఆట వచ్చింది. చీకటి ఇల్లు. తెల్లచీరలో ఒక పెద్దావిడ, బొట్టు లేదు, గాజులు లేవు, గదిలోంచి గదిలోకి మెల్లగా నడుస్తోంది. తలుపు కిర్రుమంది. కింద ఏవో తెలుగు వాక్యాలు వచ్చి పోతున్నాయి. మూడు నిమిషాలు చూసి, భయానకం అని వేసి, టీ తాగడానికి వెళ్లాను.

రెండు వారాలకు ఆ ఆట తయారుచేసిన అబ్బాయి నుంచి ఫిర్యాదు వచ్చింది. మెయిల్లో ఉన్నదల్లా చేత్తో రాసిన ఒక కాగితం ఫొటో. "తెలుగు చదివేది మీరొక్కరే, చూసి జవాబివ్వండి" అని మేనేజరు నాకు పంపారు. అనువాదం చేస్తుందేమోనని ఫోనుకు చూపించాను. ఆ గొలుసుకట్టు రాత దానికీ అంతుపట్టలేదు.

నేనెరిగినవాళ్లలో తెలుగు చదవగలిగింది మా పెద్దమ్మ ఒక్కతే. ఆమె పుట్టిల్లు మధురై అవతలి నల్లరేగడి ఊరు. చిన్నప్పుడు వాళ్ల తాత ఇసుకలో అక్షరాలు దిద్దించాడట. ఆదివారం స్కూటర్ వేసుకుని కినత్తుకడవులో వాళ్లింటికి వెళ్లాను.

పెదనాన్న పోయి పన్నెండేళ్లు. అప్పటినుంచి పెద్దమ్మది తెల్లచీరే. ఎవరైనా మంచి పనికి బయల్దేరుతుంటే, ఎవరూ చెప్పకుండానే పక్కకు తప్పుకుంటుంది. నా ఇంటర్వ్యూ రోజు ఆమె మా ఇంట్లోనే ఉంది. తెల్లవారుజామున లేచి నాకు దోసెలు పోసి పెట్టి, నేను చెప్పులు వేసుకునే వేళకు పెరట్లోకి వెళ్లిపోయింది. చూశాను. చూసి ఊరుకున్నాను. మా ఇంట్లో అందరం అంతే, చూసి ఊరుకుంటాం.

పెద్దమ్మ కళ్లజోడు పెట్టుకుని, అరుగు మీద కూర్చుని, నా ఫోనులోని ఆ ఫొటో కూడబలుక్కుంటూ చదివింది.

"అమ్మా, లేక అయ్యా. ఈ ఆట మా అబ్బాయి చేశాడు. అందులో ఉన్నది నేనే. వాళ్ల నాన్న పోయాక ఏడాది ఇంట్లోంచి కదల్లేదు. దాచిపెట్టిన గళ్లచీర వెతుక్కుని, కట్టుకుని, చివర బస్సెక్కుతాను. మీరు అంతవరకు ఆడి ఉంటే తెలిసేది. నన్ను చూసి భయపడాల్సింది ఏముంది?"

చివరి వాక్యం రెండుసార్లు చదివింది. తరువాత తన ఫోన్ నా చేతికిచ్చి, "ఆ ఆట నాకొకతూరి చూపీ కన్నూ" అంది.

తప్పించుకునే సాకు దొరక్క స్టోరు తెరిచి ఇచ్చాను. ఆమె ఫోనులో అంతా తెలుగే. తెల్లచీర బొమ్మ, దాని కిందే నేను వేసిన మాట. పెద్దమ్మ వేలు పెట్టి చదివింది.

"భయానకం. ఇది ఎవురు వేసింది?"

"మెషిన్ పెద్దమ్మా. అదే వేసుకుంటాది."

అబద్ధమాడాలంటే నా నోటికి ఎక్కడలేని చురుకు.

ఆమె కాసేపు బొమ్మనే చూసింది. "మెషిన్‌కి ఏం తెలుసు. చదువను రాని బిడ్డ ఎవురో వేసుంటాది. పావం, విడు" అంది.

నాకు తల కొట్టేసినట్టయింది. నాకు చదవడం రాదని ఆమెకు తెలుసు. అందుకేగా నేను ఆ ఫొటో పట్టుకుని ఆమె దగ్గరికి వెళ్లింది. తెలిసి అందో, తెలియక అందో ఈ రోజుకీ అడగలేదు. ఆ తెల్లచీరను పన్నెండేళ్లు కళ్లెదుట చూస్తూ పెరిగి, తెర మీద కనిపించగానే దయ్యం అనుకున్నాను. చదువు రాకపోవడం దానికి సాకు కాదు.

పెద్దమ్మ సాయంత్రం దాకా ఆ ఆట ఆడింది. చివరికి ఆటలో ఆవిడ గళ్లచీర కట్టుకుని బస్సెక్కింది. "బస్సు ఏ ఊరికి పోతాదో చెప్పలేదే" అంది పెద్దమ్మ, ఫోన్ అటూ ఇటూ తిప్పి చూస్తూ.

మర్నాడు ఆ ఆటను కుటుంబ కథల్లోకి మార్చాను. ఒక్క నొక్కుతో మారిపోయింది.

ఆ ఆదివారం సాయంత్రం మారనిది ఇంకొకటి ఉంది. స్కూటర్ తీస్తూ, "రేపు ఆఫీసులో ముఖ్యమైన పనుంది పెద్దమ్మా, పోయొస్తా" అన్నాను. ఆ మాట వినగానే ఆమె ఫోన్ అరుగు మీద పెట్టి, అలవాటుగా లేచి, తలుపు వెనక్కి తప్పుకుంది. "ఎదురొచ్చి నిలువు పెద్దమ్మా" అనాలి. ఆ మాటకు చదువు అక్కర్లేదు, నోటి తెలుగు చాలు. నేను హెల్మెట్ పెట్టుకుని స్కూటర్ స్టార్ట్ చేశాను.