పెరగని నాడి

ఆ రోజు ఉదయం మా బావ మణికట్టు పట్టుకుని నాడి చూసి, అందరి ముందూ ఆయన్ని దొంగ అన్నాను. నవ్వుతూనే అన్నాను. నవ్వుతూ అన్నాను కదా అని తర్వాత చాలాసార్లు నాకు నేనే సర్దిచెప్పుకోబోయాను గానీ, కుదరలేదు.

మా ఊరు బంగారుపాళ్యానికి దగ్గర. ఊళ్ళో పెరుమాళ్ళ గుడి ఉంది. బ్రహ్మోత్సవాలప్పుడు స్వామి వాహనాన్ని ఊరివాళ్ళమే భుజాల మీద మోస్తాం. వాహనం కింద రెండు పొడుగాటి కర్రలు కట్టి, ముందు కొందరు, వెనక కొందరు నిలబడతాం. ఒకడు భుజం కాస్త దించినా ఆ బరువు పక్కవాడి మీదికి పోతుంది. అందుకని ఉత్సవానికి నెల ముందు నుంచే, స్వామి ఉండాల్సిన చోట ఇసుక మూటలు కట్టుకుని పొద్దున్నే గుడి చుట్టూ వీధులు తిరుగుతాం. ఈ ప్రాక్టీసు చేయించేది నేను. హైస్కూల్లో డ్రిల్లు మాస్టారుగా పనిచేసి రిటైరయ్యాను. పిల్లల్ని పరిగెత్తించి, ఆగగానే నాడి మీద వేళ్ళు పెట్టి చూడటం నా పద్ధతి. ఒకపక్క ఒగరుస్తూ, ఇంకోపక్క నాడి నిదానంగా ఉందంటే వాడు నటిస్తున్నట్టే. ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఆ లెక్క తప్పలేదు.

బావ అంటే మా చెల్లెలి భర్త. మామిడి తోట రైతు. ముందు వరుసలో కుడి కర్ర కింద ఆయన, ఎడమ కర్ర కింద నేను. వాళ్ళ పెళ్ళయిన ఏడాది నుంచీ అంతే. ఆ చోటంటే ఆయనకు ప్రాణం. కాయలు కోతకొచ్చినా సరే, తోట వదిలేసి ఉత్సవానికి వచ్చేవాడు.

ఈసారి ప్రాక్టీసు మొదలైనప్పటి నుంచీ ఆయన నడక వేరుగా ఉంది. ఉత్తరపు వీధి మిట్టగా ఉంటుంది. అక్కడికొచ్చేసరికి కాళ్ళు ఈడ్చేవాడు. ఆపమని చెయ్యి ఊపేవాడు. ఆ రోజు మిట్ట సగం ఎక్కి, మోత దించమని, ఎవరిదో అరుగు మీద కూలబడ్డాడు.

"ఏంది బావా, తోటలో కూడా ఇట్నే కూసుంటావా? కాయలు వాటంతట అవే దిగొస్తాయా?"

"ఉండు బావా. ఊపిరి అందడం లేదు."

చెయ్యి పట్టుకుని చూశాను. అన్నం తిని పడుకున్నవాడి నాడిలా నింపాదిగా కొట్టుకుంటోంది.

"సూడండప్పా," అని అందర్నీ పిలిచాను. "ఇంత మిట్ట ఎక్కితే ఈయన గుండెకు తెలీనే లేదంట. పని దొంగ."

"దొంగని తెలిసే చెల్లెల్ని ఇచ్చినావా సార్?" అన్నాడు వెనక కర్ర మనిషి ఒకడు.

అందరూ నవ్వారు. బావ చెయ్యి వెనక్కి లాక్కుని, "నీ లెక్క నీది. కానీలే" అన్నాడు.

అక్కడికీ ఊరుకోలేదు నేను. "రేపట్నుంచి వెనక వరుసకు పో" అన్నాను. ఆయన తువ్వాలు భుజాన వేసుకుని ఇంటికి వెళ్ళిపోయాడు.

మర్నాడూ, ఆ పై రోజూ వచ్చాడు. వెనక నిలబడి చురుగ్గా నడిచాడు. మిట్ట దగ్గర కూడా ఆగలేదు. మాట పడితే మనిషి దారికొస్తాడని మా ఆవిడ దగ్గర గొప్పగా చెప్పుకున్నాను. ఆ సాయంత్రమే చెల్లెలు ఫోన్ చేసింది.

"అన్నా, కారు తీసుకుని రా. ఆయనకి గుండె దడ ఆగడం లేదు. చెమటలు పోస్తా ఉండాయి."

చిత్తూరు తీసుకుపోయాం. అక్కడి డాక్టరమ్మకు బావ ముందే తెలిసినట్టుంది. చూస్తూనే అడిగిన మొదటి ప్రశ్న, మాత్ర ఎప్పుడు మానేశారని.

"ఏ మాత్ర?" అన్నాను నేను.

బావ కళ్ళు మూసుకున్నాడు. చెల్లెలు చేతిసంచిలోంచి మాత్రల అట్ట తీసి డాక్టరమ్మకిచ్చింది. అది వాళ్ళింట్లో నెలల తరబడి ఉన్న అట్ట. నేను వారానికి నాలుగుసార్లు భోంచేసే ఇల్లు అది.

దడ అదుపులోకి వచ్చాక డాక్టరమ్మ నన్ను కూర్చోబెట్టి చెప్పింది. ఆ మాత్ర గుండె వేగానికి కళ్ళెం వేస్తుందట. మనిషి ఎంత కష్టపడినా నాడి పెరగాల్సినంత పెరగదు. అదే కష్టానికి ఒళ్ళు ముందే అలసిపోతుంది, కాళ్ళు బరువెక్కుతాయి. అలాంటివాళ్ళు ఎంత శ్రమపడుతున్నారో నాడిని బట్టి చెప్పడం కుదరదు. నడుస్తూ మాట్లాడగలిగితే సరిపోయినట్టు, మాట తెగిపోతుంటే ఆగాలి. ఉన్నట్టుండి మాత్ర మానేస్తే మాత్రం అణిగి ఉన్న వేగమంతా ఎగదన్నుతుంది.

"ఎందుకు మానేశారంట?" అని అడిగింది.

నాకు తెలుసు.

నేను నమ్ముకున్న వేళ్ళే నన్ను మోసం చేశాయి. అదొక బాధ. కానీ అంతకు మించిన బాధ చెల్లెలు పెట్టింది. వరండాలోకి రాగానే ఆమె మీద పడ్డాను.

"ఎప్పట్నుంచి?"

"ఉగాది ముందర నుంచి."

"తిరపతికి కొండకు పోతాండామని చెప్పినారే, నేనే బస్సెక్కించినానే?"

"ఆసుపత్రికి పోయినాం."

"నాకు లడ్డు తెచ్చిచ్చినావు కదమ్మే. కళ్ళకద్దుకుని తిన్నాను."

"లడ్డు నిజమేన్నా. కొండ దిగొచ్చినోళ్ళు బస్సులో ఇచ్చినారు."

ఇంకో సమయంలో అయితే నవ్వేవాణ్ణి. నేను ఎత్తుకుని పెంచిన పిల్ల. నా చేతిలో ప్రసాదం పెట్టి నాతో అబద్ధమాడింది. ఆయనైతే రోజూ నా పక్కనే నడుస్తూ, నేను ఏమన్నా పడుతూ, ఒక్క మాట దాచుకున్నాడు. పొరుగింటివాళ్ళకు తెలుసట. మందుల అంగడివాడికి తెలుసు. నాకే తెలియదు.

"నేనేం పరాయోణ్ణా?" అన్నాను.

"పరాయోడికైతే చెప్పుండేవాళ్ళం" అంది. "పోయినేడు బియ్యం అంగడాయన తనకి షుగరుండాదని నీకు చెప్పినాడు. ఏం చేసినావు? ఆ పూటే కర్ర కింద నుంచి తీసేసినావు. ఇంగ నువ్వు దేవుడికి హారతిస్తే చాలు తాతా అన్నావు. ఆయన మళ్ళా గుడి పక్కకొచ్చినాడా? ఈయన నన్ను ఒట్టేయించుకున్నాడు, మీ అన్నకు చెప్తే నా చోటు పోతుందని. చెప్పకపోయినా పోయింది కదా. దొంగ అనిపించుకున్నది చాలక, ఆ మాత్ర వల్లే కాళ్ళాడటం లేదని మానేసినాడు. నాకూ ఇప్పుడే చెప్పినాడు. నేనేమో వేసుకుంటాండాడనే అనుకున్నాను."

ఆమె కూడా మోసపోయిందని అప్పుడు తెలిసింది. వాళ్ళ మీద నా కోపం పోలేదు. ఇప్పటికీ పూర్తిగా పోలేదు. అయితే నా దగ్గర నిజం చెప్పినవాడి గతి ఏమిటో వాళ్ళు కళ్ళారా చూశారు. దాచడం వాళ్ళకు నేర్పింది నేనే.

బావ ఇంటికొచ్చాక వెళ్ళాను. మంచం మీద దిండుకానుకుని ఉన్నాడు. తప్పయిపోయిందని చెప్పాను.

"ఈడ చెప్తే ఎట్ల బావా," అన్నాడు, నా వైపు చూడకుండా. "అన్నది ఆడ కదా."

నాలుగు రోజులకు, డాక్టరమ్మ నడవొచ్చని చెప్పిన తర్వాత, ఆయన్ని ప్రాక్టీసుకు తీసుకెళ్ళాను. మోత ఈ ఏడు వద్దంది ఆమె. వచ్చే ఏడు చూద్దామంది. ఉత్తరపు వీధి మిట్ట మీద మోత దింపించి అందరికీ చెప్పాను. ఈయన దొంగ కాదు, నా లెక్కే తప్పు, ఆ తప్పు లెక్క వల్ల ఈయన ప్రాణం మీదికొచ్చింది. మాత్ర సంగతి నేను చెప్పలేదు. అది చెప్పాలో వద్దో ఆయన ఇష్టం. ఆయనే చెప్పాడు. దొంగని తెలిసే ఇచ్చినావా అన్న మనిషి తల దించుకున్నాడు.

ఇకమీదట ఎవరు ఎక్కడ నిలబడాలో, మోత ఎక్కడ దించాలో నేను చెప్పనని, బావ చెప్తాడని కూడా అన్నాను. అక్కడి నుంచి నేరుగా బియ్యం అంగడికి వెళ్ళి, ఆయన్ని కూడా రమ్మని అడిగాను. చూస్తాలే అన్నాడు. ఇంకా రాలేదు.

బావ మాత్రం మర్నాడే పని మొదలుపెట్టాడు. మోత పక్కన తన నడక తాను నడుస్తూ, ఒక్కొక్కర్నీ పలకరిస్తూ, మాట తెగినవాడు కనిపిస్తే అక్కడే దింపించాడు. మిట్ట ఎక్కేలోపు రెండుసార్లు దించాల్సి వచ్చింది. రెండోసారి తెగింది నా మాటే. దించాక నా దగ్గరికొచ్చి నిలబడ్డాడు.

"బావా, నువ్వు వెనక్కి పో. ముందు ఇంకొకర్ని పెడతా."

వెళ్ళి వెనక కర్ర కింద భుజం పెట్టాను.