పురుగు ముట్టిన కందులు

పక్షం రోజుల కిందట, ఒక శుక్రవారం పొద్దున మా పెద్ద యారాలు చనిపోయింది. గోడ అవతలి నుంచి ఆమె కొడుకు "చిన్నమ్మా, అమ్మ లేస్తలేదు" అని పిలిచాడు. "నిన్న పొద్దుమీకి నాతోని కొట్లాడింది గద, అలిగి పండుకున్నదేమో. ఆగు, నేనొచ్చి లేపుత" అన్నాను. వెళ్లి లేపాను. నాలుగు మాటలన్నాను కూడా. నా మాటకు ఎదురు మాట చెప్పకుండా ఆమె ఊరుకోవడం నలభై ఏళ్లలో అదే మొదటిసారి. అప్పుడు నమ్మాను.

ఆ కొట్లాట దేనికో కూడా చెప్పాలి. మా పెరట్లో గోడ పక్క మూలన సొరగింజ పెడతానన్నాను. "ఇంకో ఏడు ఆగు" అంది. "పదిహేనేండ్లు ఆగిన, ఇంకెన్నేండ్లు?" అన్నాను. "మందు పోసిననాడు నన్నడిగినవా?" అంది. నాతో ఆమె చివరి మాట అదే. పోయేముందు పెద్దవాళ్లు ఏవో గొప్ప మాటలు చెప్పిపోతారని వింటాం. మా ఇద్దరి కథ సొరపాదు దగ్గర ఆగింది.

యారాలంటే తోడికోడలు. ఆమె పెద్దకోడలు, నేను చిన్నకోడలిని. బాన్సువాడలో మా రెండిళ్లకు నడుమ నడుమెత్తు గోడ ఒకటే. ఆమె మూడో తరగతితో బడి మానేసింది. నేను బడిలో ముప్పై ఏళ్లు సైన్సు చెప్పి రిటైరయ్యాను. ఈ తేడాను నేను ఒక్కరోజూ మరవలేదు, ఆమె ఒక్కరోజూ పట్టించుకోలేదు. నన్ను "పంతులమ్మా" అని పిలిచేది. ఊరంతా మర్యాదగా పిలిచే పిలుపే. ఆమె నోట వింటే మాత్రం తప్పులన్నీ దిద్దిన పేపరు చేతికిచ్చినట్టుండేది.

ఇంట్లోకి ఏది వచ్చినా ముందు వాసన చూసేది. బియ్యం, బెల్లం, కొత్త చీర, కొత్త అల్లుడు, దేన్నీ వదల్లేదు. చెంగు నడుముకు దోపి, ఎండ ఎటు తిరిగితే అటు చాప జరుపుతూ కందులు ఆరబోసేది. జల్లెడలో పురుగు కనిపిస్తే చంపేది కాదు. "పో బిడ్డా, నీ వంతు అయింది" అని గోడ మీదుగా దులిపేది. గోడకు ఇవతల ఉండేది నేను.

తొంభైల మొదట్లో గింజలు దాచుకునే ప్రతి ఇంట్లోనూ బీహెచ్‌సీ అనే పురుగుమందు పొడి ఉండేది. పొలంలో చల్లగా మిగిలింది తెచ్చి గుమ్మిలో గింజలకు కలిపేవాళ్లం. వెదురుతో అల్లి పేడతో అలికిన ఆ పెద్ద బుట్టలోకి ఏడాదంతా పురుగు తొంగిచూసేది కాదు. ఒక ఎండాకాలం వ్యవసాయ అధికారి ఒకాయన మార్కెట్ యార్డులో మీటింగు పెట్టి ఆ పొడి సంగతి చెప్పాడు. అది నీళ్లలో కరగదు. మట్టిలో పడితే ఏళ్ల తరబడి అక్కడే ఉంటుంది. గింజ పొట్టులోంచి పశువు కొవ్వులోకి, అక్కడినుంచి పాలలోకి, నెయ్యిలోకి, చివరికి తల్లిపాలలోకి చేరుతుంది. ఒంట్లో కొంచెం కొంచెంగా పోగుపడితే నరాలకు, కాలేయానికి చేటు. క్యాన్సర్ భయం కూడా ఉందన్నాడు.

నేను ముందు వరుసలో కుర్చీ వేసుకుని ఆరు పేజీలు రాసుకున్నాను. ముఖ్యమైన చోట ఎర్రసిరా గీతలు కూడా కొట్టాను. మా యారాలు వెనకాల నేలమీద కూర్చుని వక్క నములుతూ ఉంది. నేను రాసుకున్నాను. ఆమె విన్నది.

ఇంటికొచ్చి నోట్సు బీరువాలో భద్రంగా పెట్టి, ఆ ఏటి కందుల్లో ఎప్పటిలాగే పొడి కలిపాను. ఆయన చెప్పింది బస్తాలకు బస్తాలు చల్లే రైతులకు అనుకున్నాను. ముక్కిపోయినట్టుండే ఆ వాసన గోడ దాటింది. వెనకే ఆమె గోడ దాటి వచ్చింది.

"ఏందే పంతులమ్మా గిది? మొన్ననే గాయన గంతగనం చెప్పిండు గద!"

"గుప్పెడే అక్కా. వండేటప్పుడు మూడుసార్లు కడుగుత గద."

"నీళ్లల్ల కరగదన్నడు. కరగంది కడిగితె ఎట్ల పోతది?"

"ఇగ నువ్వు నాకు సైన్సు చెప్తవా?"

"నేనేం చెప్త? రాసుకున్నవ్ గద, తీసి సదువుకో."

తీసి చదవలేదు. చదివితే ఒప్పుకోవాల్సి వచ్చేది.

ఆ వానాకాలంలో నా బిడ్డ మొదటి కాన్పుకు ఇంటికొచ్చింది. ఆడపిల్ల పుట్టింది. బాలింత కోసమని రెండు నెలలుగా వెన్న కాచి గిన్నెడు నెయ్యి దాచాను. వేడి అన్నంలో మొదటి ముద్దకు నెయ్యి వేయబోతుంటే మా యారాలు వచ్చి నా చేతిలోని గిన్నె లాక్కుంది.

"నీ బర్రె ఏం తిన్నది? పొడి కలిపిన కందుల పొట్టే గద. గది నెయ్యిలకొచ్చె. ఇది తింటె పాలల్లకొస్తది. గా పసిగుడ్డు నోట్లెకు పోతది."

"అంటె నా మనుమరాలికి నేనే విషం పెడుతున్నన్నా?"

"తెల్వక పెడితె అయ్యో అనేదాన్ని. నువ్వు రాసుకొని మరీ పెడుతున్నవ్."

మంచంలో ఉన్న నా బిడ్డ భయపడిపోయింది. "పెద్దమ్మా, మరి నా పాలు ఇయ్యొచ్చా?" అని అడిగింది.

"మంచిగ ఇయ్యి బిడ్డా. తల్లిపాలను మించింది ఏమున్నది? అయినకాడికి అయింది, ఇగనుంచి ఆగాలె. గంతే. ఫికర్ చెయ్యకు."

నా నెయ్యినంతా తీసుకుపోయి దేవుడి దీపంలో పోసింది. పాపం కాదా అంటే, "దేవుని ఒంట్ల కొవ్వు లేదు, ఆయనకేం కాదు" అంది. ఇరవై ఒక్క రోజులు ఆమెతో మాట్లాడలేదు. ఆ ఇరవై ఒక్క రోజులూ గోడ మీద ఆమె నెయ్యి గ్లాసు కనిపిస్తూనే ఉంది. కోపం ఆమె మీద. నెయ్యి మీద కాదు. రోజూ తీసుకున్నాను.

కానీ ఓటమి ఒప్పుకునే దాన్నయితే నేను నేనెందుకవుతాను? దసరా ముందు వాడకట్టు ఆడవాళ్లందరినీ పిలిచి, రెండిళ్ల కందులూ రెండు చాటల్లో పోయించాను. పొడి వేయకపోతే ఏమవుతుందో అందరూ చూడాలని. నావి ముత్యాల్లా ఉన్నాయి. ఆమె వేపాకు, బూడిద కలిపి దాచిన కందుల్లో అక్కడక్కడా చిల్లులున్నాయి, నాలుగు పురుగులు తిరుగుతున్నాయి. "ఇగ చూడుండ్రి!" అన్నాను. నా గొంతు వీధి చివరిదాకా వినిపించి ఉంటుంది.

ఆమె వంగి రెండు చాటలూ వాసన చూసింది. తన చాటలోంచి ఒక పురుగును వేలిమీదికి ఎక్కించుకుని నా చాటలో వదిలింది. అది రెండడుగులు వేసి, గిర్రున తిరిగి, చాట అంచుకు పరుగెత్తింది.

"పురుగుకు తిండిగాంది మనకెట్ల తిండైతదే పంతులమ్మా?"

మా ఇద్దరి పొలాల్లోనూ పనిచేసే తండా ఆమె ముందుగా కొంగు పట్టి, "అవ్వా, నాకు జర నీ కందులియ్యి. కోడలికి నెలలు నిండినై, నీళ్లాడేటట్టున్నది" అంది. తర్వాత ఒక్కొక్కరే కొంగులు పట్టారు. అన్నీ ఆమె చాట వైపే. నేను లోపలికి వెళ్లి, నా కందులు ఎవరికీ పెట్టకుండా కట్టి పెట్టాను. బీరువాలోంచి నోట్సు తీసి ఆరు పేజీలూ చదివాను. ఎర్రగీతలన్నీ ఆమె అన్న మాటల కిందే ఉన్నాయి.

ఆ పైన ఆమె ఇల్లిల్లూ తిరిగింది. తలుపులో నిలబడి గాలి పీల్చి, "ఉన్నది, తియ్యి" అనేది. వేపాకు ఎలా ఎండబెట్టాలో, గింజలను ఏ ఎండకు ఆరబోయాలో, బూడిద ఎంత కలపాలో దగ్గరుండి చూపించేది. నన్నూ వెంట తిప్పుకునేది, ఎవరైనా ఎందుకని అడిగితే సైన్సు చెప్పడానికి. "నేను చెప్తె ముసల్ది అంటరు, నువ్వు చెప్తె పుస్తకం అంటరు" అనేది. రెండేళ్లు తిరిగేసరికి మా వాడకట్టులో ఏ గుమ్మిలోనూ ఆ వాసన లేదు. తర్వాత కొన్నేళ్లకు సర్కారే ఆ పొడిని నిషేధించింది. పేపరు చదివి వినిపిస్తే, వక్క కొరుకుతూ, "గిప్పుడా? సర్కారు గూడ నోట్సు రాసుకున్నట్టున్నది" అంది.

ఆమె గెలిచింది. ఈ మాట ఆమె బతికుండగా అనలేదు. అంటే ఇంకో పదేళ్లు వినాల్సి వచ్చేది.

ఒక్క చోటు మాత్రం ఆమె నమ్మలేదు. ఏళ్లకేళ్లు నేను కందులకు పొడి కలిపిన, గుమ్మి దులిపిన పెరటి మూల. అక్కడ కూరగాయ పెట్టనివ్వలేదు, అక్కడి గడ్డి బర్రెకు కోయనివ్వలేదు. "మట్టికి జర టైం ఇయ్యాలె" అని బంతి నారు పోసింది. పదిహేనేళ్లుగా ఏటా అక్కడ బంతిపూలే. ఆమె పాడె మీద వేసినవీ ఆ పూలే. రెండు గంపలు నేనే కోశాను. సొరగింజలు పొట్లం కట్టి అటక మీద పెట్టేశాను. ఇంకో ఏడు ఆగుతాను.

పదకొండో రోజు వంటకు ఆమె గుమ్మి తెరిచాం. జల్లెడ పట్టింది నా మనుమరాలు, ఆ నాటి పసిగుడ్డే. ఇప్పుడు పదో తరగతి, ఎత్తులో నన్ను దాటింది, నోటిలో పెద్దమ్మమ్మను దాటేలా ఉంది. జల్లెడలోంచి ఒక పురుగు మెల్లగా ఆ పిల్ల వేలెక్కి, గాజు దాటి, మోచేతి దాకా నడిచింది. చుట్టూ కూర్చున్న ఆడవాళ్లందరూ పని ఆపి చూశారు. కళ్లనీళ్లతోనే ఎవరో నవ్వారు, తర్వాత అందరమూ నవ్వాం.

"పో బిడ్డా, నీ వంతు అయింది" అని ఆ పిల్ల దాన్ని గోడ మీదుగా దులిపింది.

గోడ అవతల మా పెరడు. ఈసారి నేను అటువైపు లేను. లేచి గోడ మీదుగా చూశాను. పురుగు ఒక బంతిపువ్వు మీద వెల్లకిలా పడి ఉంది. కాసేపు కాళ్లాడించి, బోర్లా తిరిగి లేచి, రేకుల మీద నడక మొదలుపెట్టింది.