మార్కాపురానికి వచ్చిన పలకల పెట్టె

రాష్ట్రం రెండయిన కొత్తల్లో మా బాబుకు నాలుగో నెల. నా పాలు చాలక ఒకసారి ఆవుపాలు పట్టాం. పెదవులు వాచిపోయి, ఊపిరందక వాడు నీలంగా మారాడు. అప్పటినుంచి డాక్టరు రాసిచ్చిన పాలపొడి ఒక్కటే వాడికి ఆధారం. అది హైదరాబాదు నుంచి మా ఊరి మందుల దుకాణానికి వచ్చేది.

ఒకరోజు డబ్బా కోసం వెళితే దుకాణం ఆయన లేదన్నాడు. ఇకమీదట మన సరుకు విజయవాడ నుంచి రావాలట. అక్కడ కంపెనీ వాళ్ళు ఇంకా గోడౌనే తెరవలేదట. హైదరాబాదు డీలరు మన దుకాణాలకు బిల్లు రాయడం ఆపేశాడట. నేను డిగ్రీలో అర్థశాస్త్రం చదివాను. విభజన గురించి పేపర్లో వచ్చిందల్లా చదివాను. అది మా వంటింటి డబ్బా దాకా వస్తుందని మాత్రం తట్టలేదు. ఇంటికి వచ్చి మూత తీస్తే చెంచా అడుగుకు తగిలింది.

మా ఆయన పనిచేసే కార్ఖానా నుంచి హైదరాబాదుకు పలకలు తోలే లారీ డ్రైవరు మా వీధి సాయిబే. ఆయన్ను అన్నా అని పిలిచేదాన్ని. డాక్టరు చీటీ తీసుకుని, "నేను తెస్తా గదమ్మా, దిగులు పెట్టుకోవాకు" అని వెళ్ళాడు.

తిరిగి వచ్చేరోజు మధ్యాహ్నం అన్న దగ్గర్నుంచి ఫోను వచ్చింది. నాగార్జునసాగర్ దాటాక కొత్తగా పెట్టిన చెక్‌పోస్టులో లారీ ఆపేశారు. ఇన్నేళ్ళూ ఆయన బ్రేకు తొక్కకుండా దాటిన చోటు అది.

మా ఊళ్ళో గాజుసామాను గానీ, దేవుడి పటం గానీ, పగిలేది ఏదైనా పలకల పెట్టెలో ఎండుగడ్డి పరిచి, మేకులు కొట్టి పంపడం అలవాటు. అన్న కూడా ఖాళీ అయిన పెట్టె ఒకటి తీసుకుని, డబ్బాలు అట్లాగే భద్రంగా సర్దాడు. పెట్టె మీద 'మార్కాపురం పలకలు' అని నల్లటి అక్షరాలు. దేశమంతటికీ పలకలు పంపే ఊరికి పలకలు ఎదురొస్తుంటే ఎవరికైనా అనుమానమే. పెట్టె ఊడదీశారు. గడ్డిలో డబ్బాలు. సరుకు వెంట ఉండాల్సిన వేబిల్లు లేదు.

"ఒకటి కోసినారమ్మా," అన్నాడు అన్న. "తెల్లపొడి ఏందో చూడాలంట."

గడప మీద కూర్చున్నాను. రోడ్డు పక్కన, దుమ్ములో, మా వాడి పాలు కోశారు.

"మిగతావి కొయ్యనీయొద్దన్నా."

"కత్తి ఇంకా ఆ సారు చేతిలోనే ఉండాది. నువ్వే చెప్పు." ఫోను ఆయనకిచ్చాడు.

అరుస్తాడనుకున్నాను. ఆయన మామూలుగానే, కాస్త అలసటగా అడిగాడు.

"ఇది మందా, ఆహారమా అమ్మా? దాన్నిబట్టే పన్ను."

అట్లాంటి ప్రశ్న ఒకటుంటుందనే నాకు తెలియదు.

"తెలీదు సార్," అన్నాను. "వాడు ఇంకేది తాగినా ఊపిరాడదు."

అటు వైపు లారీల హారన్లు. ఫోను కట్ అయింది. మళ్ళీ చేస్తే కలవలేదు.

సాయంత్రం దాకా ఆ కత్తే కళ్ళముందు. డబ్బా అడుగు గీరి ఒక సీసా కలిపాను. వాడు తాగుతుంటే సీసాలో పాలు దిగడం చూస్తూ కూర్చున్నాను.

దీపాలు పెట్టే వేళకు అన్న వచ్చాడు. నా మాట విన్నాక ఆ సారు డాక్టరు చీటీ చూసి, మిగతావి కొయ్యకుండా వదిలేశాడట. డబ్బాలు ఒక్కొక్కటే తీసి, మూత కింద రేకును గోటితో తడిమాను. అన్నిటికీ రేకు ఉంది. కోసినదాన్ని విడిగా తన తువ్వాల్లో మూటగట్టి తెచ్చాడు.

"పనికిరాదని తెలుసులేమ్మా. పారేయనీకి చెయ్యి రాలే."

ఆ తర్వాత ఎప్పుడు వెళ్ళినా అన్న పెట్టె జోలికి పోలేదు. బిల్లు, చీటీ పైజేబులో కనబడేట్టు పెట్టుకుని, డబ్బాలను పక్కసీటు మీద మనిషిని కూర్చోబెట్టినట్టు కూర్చోబెట్టుకుని తెచ్చేవాడు.

ఏడాది నిండబోతున్న బాబు నా పక్కనే నిద్రపోతున్నాడు. రేపు పొద్దున కొత్త డబ్బా తెరవాలి. ఆ రేకు చిరిగే చప్పుడుకు నేను ఇప్పటికీ ఉలిక్కిపడతాను. వాడు మాత్రం ఆ చప్పుడు వింటే చాలు, ఏడుపు ఆపి నోరు తెరుస్తాడు.